ఆరో వరస తట్ట

కంబదూరు, 4-1-1958

చిరంజీవి తిప్పయ్యకు పెదనాయన వీరప్ప దీవించి రాసేది.

తొమ్మిదేండ్లుగా కడుపులో పెట్టుకున్న మాట ఇది. ఏడుగురం పొత్తున సేద్యం చేసి, కల్లంలో నలభైనాలుగు తట్టల చెనిక్కాయలు పంచుకున్నాం. కొలిచింది నేను. వరసకొకటి లెక్కన తలా ఐదు తట్టలు పోసినాను. తొమ్మిది మిగిలినాయి. కడ మిగులు కొలిచినవాడిది. మా తాత కాలం నుంచీ అంతే. నా తమ్ముడై ఉండి మీ నాయన తప్పు పట్టినాడు. అందరి ముందరా నా పరువు తీసినాడు. ఆ పొద్దు నుంచి మాకు మాటల్లేవు. మధ్యలో ఉండేది ఒక్క గోడ. వాడు దగ్గితే నాకు వినపడతాది.

నువ్వు విమానాలు బాగుచేసే షెడ్డులో భాగహారం నేర్చుకుంటాండావంట. లెక్కలో దేన్ని ఏమంటారో పేర్లు పెట్టి, న్యాయం ఎవరిదో రాయి.

వీరప్ప

బెంగుళూరు, 13-1-1958

పెదనాయనకు తిప్పయ్య దండం పెట్టి రాసేది.

ఈడ మొదటి పాఠమే అది. పంచే సరుకు విభాజ్యం, నీ నలభైనాలుగు. ఎందరికో అది విభాజకం, ఏడు. తలా వచ్చేది భాగఫలం. మిగిలేది శేషం. శేషం ఎప్పుడూ విభాజకం కన్నా తక్కువే ఉండాల, నీకు మిగిలింది తొమ్మిది. నీ తట్టల్ని రేకులు బిగించే రివిట్లనీ, మనుషుల్ని రెక్క రేకులనీ చెప్పి మా మేస్త్రీకి లెక్క చూపించినాను. "ఏమప్పా, రేకుకొక బొక్క ఖాళీగా పెట్టి విమానాన్ని పైకి పంపుతావా?" అని అరిచినాడు. ఇంకో వరస పంచితే తలా ఆరు, శేషం రెండు.

తిప్పయ్య

తా.క. ఈ ఉత్తరం నువ్వొక్కడివే ఉన్నప్పుడు చదివించుకో.

కంబదూరు, 24-1-1958

తిప్పయ్యకు, దీవించే మొగం లేక రాసేది.

ఆ కడమాట పైన రాయాల్సింది రా. నా ఉత్తరాలు చదివి, రాసిపెట్టే టపా పుల్లన్న పైనుంచి కిందికి చదువుతాడు. న్యాయం నాదేననుకొని పొత్తువాళ్లు ఐదుగురినీ పిలిపించి, కాఫీ పోయించి, గట్టిగా చదవమన్నాను. రేకుల కాడికి వచ్చేసరికి అందరూ గ్లాసులు కింద పెట్టినారు. మీ నాయనను పిలవలేదు. గోడ అవతల ఆ పొద్దు దగ్గు కూడా లేదు.

నిజం రాస్తాను. ఆరో వరసకు తట్ట ఎత్తినాను. ఆ ఏడు వాన లేదు, ఇంట్లో గింజ లేదు. దించేసినాను. మీ నాయన నా చెవిలో మాత్రమే "అన్నా, ఇంకో వరస ఉండాది" అన్నాడు. అరిచి అందరికీ వినిపించింది నేను.

శివరాత్రి ముందటి సోమవారం తలా ఒక తట్ట తిరిగి ఇస్తాను. ఈసారి కొలిచేది మీ నాయన. గోడ మీద నుంచి పిలవడానికి నాకు నోరు రాలేదు. నువ్వు వానికి రాసి అడుగు.

వీరప్ప

తా.క. శేషం రెండు తట్టలు కొలిచినవాడివే, ఆ పద్ధతి మార్చేది లేదు. అవీ కల్లానికి మోసుకొస్తాండా. మీ నాయన వస్తాడో రాడో ఆ సోమవారానికి ముందటి ఆదివారం లోపల జవాబు రావాల.