గీత గీసిందే

మార్చి 1, శనివారం

కారు వచ్చింది. నా కారు. కాగితాల మీద నా పేరు ఒక్కటే ఉంది. రెండుసార్లు చదువుకున్నాను. ముదురు నీలం.

డీలర్ దగ్గర్నుంచి నేరుగా గుడికి. పంతులుగారు బానెట్ మీద స్వస్తిక్ వేసి, తలుపులకీ చక్రాల పైనా పసుపు బొట్లు పెట్టారు. నిమ్మకాయలు నేనే తొక్కించాను. రఘు పక్క సీట్లో కూర్చుని లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు. "స్లో... స్లో... వాణీ, స్లో!" ఇంతకంటే స్లో అంటే దిగి తోయాలి.

ఇంటికొచ్చేసరికి పక్కింటి గీత తన మెట్ల మీద నిలబడి ఉంది, నవ్వుతూ. మూడు నెలలపాటు ఖాళీ స్కూల్ పార్కింగ్ లాట్‌లో తన పాత బండి ఇచ్చి నాకు డ్రైవింగ్ నేర్పింది తనే. మొగుడుగారు రెండు పాఠాలకే అరిచి వదిలేశారు మరి. 24 నుంచి నేను టైసన్స్‌లో ఉన్న ఆఫీసుకి వెళ్ళాలి. అంటే అమెరికా హైవే. తలుచుకుంటేనే అరచేతులకు చెమటలు. "మొదటి రోజు నేను పక్కన కూసుంట. నువ్వు తోలు, నేను పాటలు పెడ్త" అంది గీత. మాట ఇచ్చింది. ఆ ధైర్యంతోనే కొన్నాను దీన్ని. ఈ సంగతి రఘుకి చెప్పలేదు.

మార్చి 4, మంగళవారం

సొట్ట.

ఎడమ వైపు వెనక తలుపు మీద. రూపాయి బిళ్ళంత. వేలు పెడితే తెలుస్తోంది. మూడు రోజులు! మూడే రోజులు!

మార్చి 5

నిద్ర లేవగానే వెళ్ళి చూశాను. ఉంది. ఎక్కడికి పోతుంది, నా మొహం.

మార్చి 6, గురువారం

రఘు దానికేసి అర నిమిషం కూడా చూడలేదు. "ఎక్కడో తగిలించి ఉంటావ్. ఫైన్, ఇట్ హ్యాపెన్స్." నేను తగిలిస్తే నాకు తెలియదా? తలుపు మధ్యలో సొట్ట పడేలా ఎలా తగిలిస్తానో కాస్త చూపించమన్నాను. ఫోన్ వచ్చిందని పైకి వెళ్ళిపోయాడు. నిజంగా ఫోన్ వచ్చిందా? మోగినట్టు నాకు వినపడలేదు.

ఎవరై ఉంటారు... ఇండియన్ స్టోర్ దగ్గర కార్ట్ దొర్లుకొచ్చి తగిలిందా? కానీ ఆ రోజు చివరాఖర్న, ఎవరూ పెట్టని చోట పెట్టానే. ఎదురు వరసలో తెల్ల వ్యాన్ ఆయన? నిచ్చెన మోసుకుని మన కార్ల మధ్యలోంచే నడుస్తాడు. నిన్న గుడ్ మార్నింగ్ అన్నాడు. ఇన్నాళ్ళూ అనలేదే, నిన్ననే ఎందుకు?

మార్చి 9, ఆదివారం

పొద్దున్నే మొక్కలకు నీళ్ళు పోద్దామని దిగితే... గీత! జానెడు కాదు, మూరెడు. ఎడమ వైపే మళ్ళీ. వెనక తలుపు దగ్గర మొదలై చక్రం పైదాకా. గోరు పెడితే దిగుతోంది. మెట్ల మీదే కూలబడ్డాను.

గీతలో అక్కడక్కడా పసుపు. పూజ పసుపు ఇంకా వదల్లేదు, పంతులుగారు చక్రం పైన కూడా పెట్టారుగా. తడిగుడ్డతో తుడిచాను. పోలేదు. మొండి పసుపు. దేవుడి పసుపు పక్కనుంచే గీశారంటే ఎంత కళ్ళు కుట్టి ఉండాలి!

ఫొటో తీసి మన వరస ఇళ్ళ లేడీస్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. గబగబా కొట్టాను. "కొత్త కారు. పొరపాటున తగిలిందంటే నేను నమ్మను. కావాలని గీత గీసిందే!"

ఎవరి మొహం ఎలా మారుతుందో చూస్తాను.

అదే రోజు, సాయంత్రం

ఎవరూ మాట్లాడరేం? పద్దెనిమిది మంది చూశారు. ఒక్కరూ అయ్యో అనలేదు. అంటే అందరికీ తెలుసు. తెలిసి దాస్తున్నారు.

మార్చి 10, సోమవారం

తెల్లారగానే సరళ ఆంటీ ఫోన్. చివరింటి ఆవిడ, రిటైరైన డాక్టరు. ఒక ఇంటి సంగతి ఇంకో ఇంటికి చేరేది ఆవిడ నోటి మీదుగానే.

"నిజమేనా వాణీ? గీతేనా? అయ్యయ్యో, ఎంత క్లోజ్‌గా ఉంటారమ్మా మీరిద్దరూ!"

"ఏమిటాంటీ?"

"నువ్వే రాశావుగా. కావాలని గీత గీసిందే అని."

నాకు అర్థం కావడానికి నిమిషం పట్టింది. అర్థమయ్యాక అరిచాను. గీత అంటే గీత, ఆంటీ, లైను! ఎవరో కావాలని లైను గీశారు అని! "ఓహో" అంది ఆవిడ. ఆ ఓహోలో నమ్మకం లేదు. పైగా, "ఏం లేకపోతే అలా ఎందుకు రాస్తావులే" అని ఒకటి.

ఆవిడ ఫోన్ పెట్టగానే మెసేజ్ డిలీట్ చేశాను. అది ఇంకా పెద్ద తప్పు. ఇప్పుడు అక్కడ డిలీట్ చేసిన గుర్తు నా పేరుతో దొంగలా నిలబడి ఉంది. "ఏం తీసేశావు?" అని ముగ్గురు అడిగారు.

మార్చి 11, మంగళవారం

గీతకి ఫోన్ చేసి చెప్పాను. ఒక్క ఊపిరిలో. నీ పేరు కాదు, గీత, గీసిన గీత, నీ మీదొట్టు. పకపకా నవ్వింది. "మా నాయిన ఇంకేం పేరు దొరకనట్టు పెట్టిండు. పోనీలే, నేను ఫీల్ కాలె."

హమ్మయ్య.

మార్చి 12

కానీ అంత తేలిగ్గా ఎందుకు వదిలేసింది? నన్ను ఎవరైనా అలా అంటే వారం రోజులు మాట్లాడను. తను నవ్వేసింది. నవ్వి, "డెంట్ ఎట్లుంది?" అని అడిగింది. నేను గీత ఫొటో పెట్టాను గానీ సొట్ట సంగతి ఎవరికీ చెప్పలేదే. రఘుకి తప్ప.

లాట్‌లో మా ఎడమ పక్క స్లాట్ గీతది. ఎడమ వైపు! సామాన్ల సంచులన్నీ ప్యాసింజర్ సీట్లో పెట్టుకోవడం తన అలవాటు. ఆ తలుపు తీస్తే మా ఎడమ తలుపు దగ్గరికే వస్తుంది.

ఛీ. ఏమిటీ ఆలోచన. నాకు స్టీరింగ్ పట్టుకోవడం నేర్పిన మనిషి.

అయినా...

మార్చి 13, గురువారం

కొలిచాను.

రఘు టూల్ బాక్స్‌లో టేపు తీసుకుని, చెత్త పడేయడానికి వెళ్తున్నట్టు వెళ్ళి, ముందు మా సొట్ట ఎత్తు కొలిచాను. తర్వాత గీత బండి పక్కన వంగి దాని తలుపు అంచు ఎత్తు. ఒక్క వేలెడు తేడా కూడా లేదు. అంచు మీద నీలం రంగు ఉందేమోనని ఫోన్ లైటు వేసి చూశాను. ఏదో మరక. నీలమో నలుపో చెప్పలేను.

లేచేసరికి వాళ్ళ పై కిటికీలో కర్టెన్ కదిలినట్టనిపించింది. గాలేమో. కిటికీ మూసే ఉంది కదా, గాలెక్కడిది?

మార్చి 14, శుక్రవారం

గీత బండి తన స్లాట్‌లో లేదు. విజిటర్ పార్కింగ్‌లో, ఆ చివర పెట్టింది. వానలో అంత దూరం నుంచి నడిచి వచ్చింది.

దొరికిపోతానని భయపడి దూరం పెట్టిందా? లేక నన్ను చూసిందా? రెండోదే అయితే... ఆ ఊహకే మొహం వేడెక్కుతోంది.

మార్చి 15, శనివారం

బాడీ షాపుకి తీసుకెళ్ళాను. పెద్దాయన, చేతుల నిండా గ్రీజు. సొట్ట మీద అరచేయి ఆనించి, ఏదో కారు తలుపు, ఎవరిదైనా కావచ్చు అన్నాడు. ఎత్తు సరిపోతోంది కదా అంటే నవ్వాడు. ఈ ఎత్తు తలుపులు ఊరంతా ఉన్నాయట.

గీత దగ్గర వంగి, గోటితో గీకి చూపించాడు. పసుపు. అది పూజది, పోవడం లేదు, సారీ అన్నాను. ఏం పూజ అన్నాడు. పసుపు గురించి, స్వస్తిక్ గురించి నా వచ్చీరాని ఇంగ్లీషులో చెబుతున్నాను... ఆయన మర్యాదగా మొత్తం విని, నన్ను గుమ్మం దాకా తీసుకెళ్ళి బయటికి చూపించాడు. షాపు మూలన పసుపు పెయింట్ వేసిన ఇనప స్తంభం. అలాంటిదానికి రాసుకుంది అన్నాడు. కారు దిగకుండా కాఫీ కొనుక్కునే డ్రైవ్ త్రూల దగ్గర మలుపులో ఉంటాయి, వారానికి ఐదారు కార్లొస్తాయి, ఎప్పుడూ ఎడమ వైపే.

పెయింటు. నేను ఆరు రోజుల నుంచి దానికి దణ్ణం పెట్టుకుంటున్నాను.

నేను డ్రైవ్ త్రూకి వెళ్ళను. ఆ సందుల్లో తిప్పడం నాకు భయం. వెళ్ళేది ఎవరు?

మార్చి 16, ఆదివారం

"ఎనిమిదో తారీఖు శనివారం కాఫీ ఎక్కడ తెచ్చావు రఘూ?"

"ఎప్పుడూ తెచ్చే చోటే."

"ఏ కార్లో?"

నీళ్ళు తాగాడు. మళ్ళీ తాగాడు. "నీ కార్లో. కొత్త కారు కదా, ఫీల్ ఎలా ఉందో చూద్దామని. ఏదో చిన్న సౌండ్ వచ్చింది, టైరు కర్బ్‌కి తగిలిందనుకున్నా. ఐ స్వేర్, తెలీదు."

"మర్నాడు కారు మీద గీత చూసినప్పుడు కూడా తెలీదా?"

"నువ్వు అప్పటికే గ్రూపులో పెట్టేశావ్ కదా..."

అంటే తెలుసు! ఈ వారమంతా తెలుసు! నేను ఊళ్ళో వాళ్ళందరినీ అనుమానిస్తూ తిరుగుతుంటే పక్కన పడుకుని గుర్రు పెట్టాడు. ఎగిరి మెడ పట్టుకోవాలనిపించింది. ఎంత అరిచానో నాకే గుర్తు లేదు. చివరికి, "నువ్వు మాత్రం గీతని అనుమానించలేదా?" అన్నాడు.

మార్చి 17

వెళ్ళాలి. చెప్పులు రెండుసార్లు వేసుకుని విప్పేశాను.

మార్చి 18, మంగళవారం

వెళ్ళాను. తలుపు సగమే తీసింది. లోపల పప్పు తాలింపు వాసన. ఎప్పుడూ రా రా అని చెయ్యి పట్టుకుని లాగే మనిషి గుమ్మంలోనే నిలబెట్టింది.

స్తంభం సంగతి, రఘు సంగతి అన్నీ చెప్పాను. నీ పేరు పడటం పొరపాటే గీతా అని మళ్ళీ అన్నాను.

"మాట తప్పు పడ్డదన్నవు, నేను నవ్విన. నిజంగనే నవ్విన. నాకేం డౌటు రాలె. మరి టేపు? టేపు గూడ తప్పు పడ్డదా?"

చూసింది. ఆ రోజు కర్టెన్ కదిలింది నిజమే.

"ఒక్కసారి అడిగితే ఏమైతుండె? గీతా, నువ్వేనా అని. పక్కన కూసుని నీకు రివర్స్ నేర్పిన, వాణీ. నా బండి గోడకు గుద్దినవ్ ఒకసారి, యాదికుందా? నేనేమన్న అన్ననా?"

అనలేదు. ఒక్క మాట అనలేదు. "మా ఆయనకు చెప్పకు, నేనే గుద్దిన అని చెప్త" అంది ఆ రోజు. ఇవాళ దాకా నేను ఈ డైరీలో కూడా రాయలేదు ఆ సంగతి.

ఏడుపొచ్చింది. తను ఏడవలేదు. "స్టవ్ మీద ఉంది" అని తలుపు వేసుకుంది.

డెంట్ సంగతి తనకెలా తెలుసని అడగలేదు. అడిగే మొహం ఎక్కడుంది?

మార్చి 19

రఘు చెప్పాడు, అడగకుండానే. మెట్ల దగ్గర గీత కలిస్తే, మా ఆవిడ ఒక డెంట్ గురించి ఇల్లు పీకి పందిరి వేస్తోంది అని తనే అన్నాడట. నవ్వుకున్నారట.

ఇప్పుడా చెప్పేది!

మార్చి 20, గురువారం

గ్రూపులో రాశాను, ఈసారి నాలుగుసార్లు చదువుకుని. "మా కారు మీద పడిన చారకీ మన గీతకీ ఏ సంబంధమూ లేదు. మా ఇంట్లో వాళ్ళ చేతే జరిగింది. నేను తొందరపడి రాసిన మాటకి తనకి క్షమాపణ." చార అని రాశాను. ఆ ఇంకో మాట ఇక జన్మలో వాడను.

సరళ ఆంటీ దణ్ణం పెట్టే బొమ్మ పెట్టింది. ఇంకో ఇద్దరు అదే. గీత చూసింది. అంతే.

మార్చి 22, శనివారం

గీతకి ఒక్కదానికే మెసేజ్. "సోమవారం ఆరున్నరకి బయలుదేరుతున్నాను." రమ్మని రాయలేదు. రాసి, తీసేశాను. ఏ మొహంతో రమ్మంటాను?

నీలం టిక్కులు రెండూ పడ్డాయి.

మార్చి 23, ఆదివారం

జవాబు లేదు. రఘు తను దింపుతానన్నాడు. పాపం, వారం నుంచి చాలా మంచిగా ఉంటున్నాడు, అదీ అనుమానంగానే ఉంది. వద్దన్నాను. వెళ్తే నేనే తోలుకుంటూ వెళ్తాను, లేకపోతే వెళ్ళను.

గీత బండి ఇంకా విజిటర్ పార్కింగ్‌లోనే ఉంది. మా ఎడమ పక్కన ఖాళీ.

మార్చి 24, సోమవారం

ఆరూ పదిహేను. కార్లో కూర్చుని రాస్తున్నాను. సీటు ముందుకి జరిపాను, అద్దాలు సరిచేశాను.

గీత వాళ్ళ వంటింట్లో లైటు వెలుగుతోంది. రోజూ ఈ టైముకి లేస్తుందా? ఏడింటికి గానీ లేవదని తనే అంది. మరి ఇవాళ ఎందుకు లేచింది? ఆఫీసులో ఏదైనా మీటింగేమో. నేను వెళ్ళిపోయానో లేదో చూడటానికేమో. హార్న్ కొట్టనా... వద్దు.

ఆరూ ఇరవై ఆరు. లైటు ఆరింది. మళ్ళీ పడుకుందా?

ఆరూ ఇరవై తొమ్మిది. వాళ్ళ వైపు తలుపు చప్పుడైంది. అడుగులు. ఇటొస్తున్నాయో, విజిటర్ పార్కింగ్ వైపు తన బండి దగ్గరికి పోతున్నాయో తెలియడం లేదు. అద్దంలో చూస్తే తెలిసిపోతుంది.

చూడను. చూసి, కొలిచి, లెక్కలు కట్టి ఇంతదాకా తెచ్చుకున్నది చాలు.

పక్క తలుపు లాక్ తీశాను. ఆరున్నర అయింది. ఇంకో ఐదు నిమిషాలు ఉంటాను.