పసుపు అంటని గీతలు

గురువారం రాత్రి

నా రాతలో తప్పులుంటాయి, అక్షరాలు కుదురుగా ఉండవు. ఎవరైనా చూస్తే నవ్వకండి, ఐదో తరగతితో ఆగిపోయినదాన్ని.

ఎదురింటి పిన్నిగారికని పనస చెక్కతో ఆయన చేసిన దేవుడి మందిరం సాయంత్రం తిరిగొచ్చేసింది. ఇది నచ్చితే వీధిలో ఇంకో ఇద్దరు చేయించుకుంటామన్నారు. అప్పుడు ఆయన మళ్ళీ కువైట్ వెళ్ళక్కర్లేదు. గాలివానకి పడిన చెట్టు అది, సరిగా ఆరకముందే వాడేశారు, బీటలిచ్చింది. రంపపు పొట్టు జిగురులో కలిపి బీటల్లో నేనే కూరాను. గీతల మీద పచ్చికొబ్బరి ముక్క రుద్దాను. సుత్తి నొక్కులమీద తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె ఆనిస్తే చెక్క పైకి లేచింది. చూసి ఆయన మురిసిపోయారు.

పిన్నిగారు దేవుణ్ణి పెట్టేముందు మందిరానికంతా పసుపు రాశారు. చెక్క పసుపు పీల్చుకుంది, జిగురు పీల్చుకోలేదు. నేను కూరిన ప్రతి బీటా తెల్లగా బయటపడింది.

"ఏమనుకోకండి వదినగారూ, బీటలిచ్చినదాంట్లో దేవుణ్ణెలా పెట్టుకుంటామండీ?" అన్నారావిడ గుమ్మంలో, అత్తగారితో.

"మా కోడలు అతుకులు బాగానే వేస్తదండి, దేవుడి దగ్గరే దొరికిపోయింది" అన్నారు అత్తగారు.



ఆయన అన్నం తినకుండానే ఏజెంటుకి ఫోన్ చేశారు. "ఆయ్, పాస్‌పోర్టు ఉందండి. ఎప్పుడంటే అప్పుడేనండి."

వసారాలో మందిరం పక్కనే కూర్చుని రాస్తున్నాను. దాని తలుపు కింద ఇంకో కొత్త బీట కనిపించింది. పొట్టు ఇంకా గుప్పెడు మిగిలే ఉంది. కూరాలనిపించలేదు...

ఈ పేజీ ఎవరికైనా దొరికితే పొయ్యిలో వేసేయండి. మందిరాన్ని మాత్రం వేయకండి. అత్తగారు రేపు వేస్తానంటున్నారు.