నీడలో ఎనిమిది కాళ్లు

ఆళ్లగడ్డ,
నవంబరు 4

చిరంజీవి ఫణీంద్రకు తిమ్మయ్య శెట్టి ఆశీస్సులు.

నువ్వు తీసి నంద్యాల బస్సులో వేసిన ఫోటో పటం అందింది. కాగితం విప్పి చూసి కుర్చీలో కూలబడ్డాను. ఏమిటయ్యా ఇది? నేను అడిగింది అహోబిలం కొండ. నువ్వు పంపింది సగం కొండ. మిగతా సగం బొగ్గు రుద్దినట్టుంది. మా వర్తక సంఘం అధ్యక్షుడు శివప్రసాద్ చూసి, "ఏందప్పా, కొండకు మంట పెట్టినారా?" అన్నాడు.

మా ఆవిడ వెంకటరమణమ్మ కళ్ల ఆపరేషన్ బాగా జరిగితే జ్వాలా నరసింహస్వామి గుడి దాకా కాలినడకన ఎక్కుతానని మొక్కుకున్న సంగతి నీకు తెలుసు. అరవై నాలుగేళ్ల వయసులో, అరిగిన మోకాళ్లతో ఎక్కి వచ్చాను. ఊరంతా నివ్వెరపోయింది. పదహారో తేదీ ఆదివారం సంఘం హాల్లో నాకు శాలువా కప్పుతున్నారు. నేనెక్కిన రోజే ఎదుటి గుట్ట మీద నుంచి కొండను తీయమన్నది ఆ పటం హాల్లో తగిలించడానికే. సగం కొండ కనిపిస్తే సగమే ఎక్కాననుకోరా? ఇది నా పరువు సంగతి. వెంటనే నీడ తీసేసి పంపు.

ఫోన్ చేయకు. ఫోన్లో ఒప్పుకున్నది రేపు లేదంటావు. ఉత్తరమే రాయి. మా గుమాస్తా బాలస్వామి కొట్లో గట్టిగా చదువుతాడు, చీరలకు వచ్చినవాళ్లూ వింటారు. నా దగ్గర దాపరికం లేదు.

ఇట్లు,
తిమ్మయ్య శెట్టి, వస్త్ర వ్యాపారి

తా.క.: మా ఆవిడ మాత్రం "నీడ ఉంటేనే బాగుండాది, వదిలేయ్" అంటోంది. మొన్న ఆపరేషన్ అయిన కళ్లు, ఆమెకేం తెలుస్తుంది? నేను కొండెక్కిన రోజు తను ఉయ్యాలవాడలో చెల్లెలింటికి పోయింది. అక్కడ ఏం చాకిరీ చేయించారో, వచ్చి రెండు రోజులు కాళ్లనొప్పులని మంచం దిగలేదు.

---

నంద్యాల,
నవంబరు 6

గౌరవనీయులు తిమ్మయ్య శెట్టి గారికి ఫణీంద్ర నమస్కారాలు.

మీ ఉత్తరం చదివి నేనూ కూలబడ్డాను. ఆ నీడ కోసం ఎదుటి గుట్ట మీద రెండు గంటలు కాచుకున్నానండీ. ఎండ ఏటవాలుగా పడితేనే కొండకు ఎత్తూ లోతూ తెలుస్తాయి. నడినెత్తి ఎండలో తీస్తే కొండ ప్రహరీగోడలా ఉంటుంది. మీ కొట్లో పట్టుచీరను చాపలా పరిచి చూపిస్తారా? కుచ్చిళ్లు పోసి వేలాడదీస్తారు. మడతలో నీడ పడితేనే పక్కన జరీ మెరుస్తుంది. కొండకూ అంతే.

పైగా కెమెరాకు మన కంటికున్నంత నేర్పు లేదు. వెలుగుకు సరిచూసుకుంటే నీడ నల్లబడుతుంది. నీడకు సరిచూసుకుంటే ఆకాశం సున్నం కొట్టినట్టవుతుంది. కంప్యూటర్లో నీడను కొంత తేలిక చేయవచ్చు. చేసి చూశాను. చూశాక భయపడి మళ్లీ నల్లగానే ఉంచేశాను. దయచేసి మీరూ అలాగే ఉంచండి.

మీ విధేయుడు,
ఫణీంద్ర

తా.క.: ఆ నీడలో ఉన్నది నీడలోనే ఉండడం మీకే మంచిది. ఈ ఒక్క వాక్యం బాలస్వామి గారు మెల్లగా చదివితే సంతోషిస్తాను.

---

ఆళ్లగడ్డ,
నవంబరు 8

చిరంజీవి ఫణీంద్రకు,

ఆశీస్సులు తర్వాత. ముందు నా గుండె కుదుటపడనీ.

బాలస్వామి ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు, రెండోసారి ఇంకా గట్టిగా. చీరలు చూస్తున్న ఆడవాళ్లు బయటికి పరిగెత్తారు. నేను నడిచిన దారి పక్కన, నీడలో, నాకు మంచిది కానిది, నువ్వు చూసి భయపడినది! నల్లమలలో అలాంటిది ఇంకేముంటుంది? పులి! నా పక్కనే పులి నడిచిందన్న మాట!

శివప్రసాద్‌తో చెప్పాను. సాయంత్రానికి దొర్నిపాడు నుంచి కూడా మనుషులు వచ్చారు. ఒకాయన నా కాళ్లు చూసి, "పులి ముట్టని కాళ్లప్పా ఇవి!" అని దండం పెట్టాడు. పటం తొందరగా తేలిక చెయ్యి. పులి మొహం స్పష్టంగా రావాలి.

ఇట్లు,
తిమ్మయ్య శెట్టి

తా.క.: మా ఆవిడ "పులీ లేదు, గిలీ లేదు, గమ్మునుండు" అంది. ఆమెకు నా మీద ఎప్పుడూ గురి లేదు.

---

నంద్యాల,
నవంబరు 10

తిమ్మయ్య శెట్టి గారికి నమస్కారాలు.

అయ్యా, మీ ఉత్తరం చదువుతూ చేతిలో ఉన్న లెన్సు జారవిడిచాను. పులి లేదు. పులిపిల్ల కూడా లేదు. అసలు సంగతి విడమరిచి రాద్దామంటే బాలస్వామి గారి గొంతు గుర్తొచ్చి చెయ్యి ఆగిపోతోంది. ఆ రోజు మీరు కొండ ఎలా ఎక్కారో, ఒంటరిగా కూర్చుని ఒక్కసారి గుర్తు చేసుకోండి. నా బాధ అర్థమవుతుంది.

మీ విధేయుడు,
ఫణీంద్ర

తా.క.: పులికి నాలుగు కాళ్లే కదండీ. ఆ నీడలో నేను లెక్కపెట్టినవి ఎనిమిది.

---

ఆళ్లగడ్డ,
నవంబరు 11

చిరంజీవి ఫణీంద్రకు,

రెండు పులులా!

బాలస్వామి ఎనిమిది అనగానే కొట్లో అందరం ఒక్కసారే లెక్క కట్టాం. నేను ఫ్యాను పెద్దది చేయించాను. నేను ఎలా ఎక్కానో గుర్తు చేసుకోమన్నావు. గుర్తుంది. భారమంతా స్వామి మీద వేసి ఎక్కాను.

ఆహ్వాన పత్రాలు మళ్లీ అచ్చుకిచ్చాం. 'రెండు పులుల నడుమ కొండెక్కిన భక్తుడు' అని పెద్ద అక్షరాలు. అటవీ శాఖ అధికారి కూడా వస్తానన్నాడు. ఇప్పుడు పటం రాకపోతే నేను ఊళ్లో తలెత్తుకోలేను. నువ్వు పంపకపోతే సంఘం మొత్తం బస్సెక్కి నీ స్టూడియోకు వస్తుంది.

ఇట్లు,
తిమ్మయ్య శెట్టి

తా.క.: మా ఆవిడ "ఆ పిల్లోన్ని సతాయించొద్దు, ఆ పటం జోలికి పోవద్దు" అని ఒట్టు పెట్టుకోమంది. పాపం, పులులంటే ఆమెకు భయం.

---

నంద్యాల,
నవంబరు 14

తిమ్మయ్య శెట్టి గారికి,

నీడ తీసేసిన పటం బస్సులో వేశాను. ఆరడుగుల పొడవు. నా వృత్తిలో ఇంత భయపడుతూ ఏ పటమూ అచ్చు వేయలేదు. దయచేసి ముందు ఇంట్లో, తలుపు వేసుకుని, మీరొక్కరే విప్పండి.

ఫణీంద్ర

తా.క.: ఒక్కరే.

---

ఆళ్లగడ్డ,
నవంబరు 19

నాయనా ఫణీంద్రా,

ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను. బాలస్వామికి ఇవ్వలేదు.

పటాన్ని వేదిక మీదే విప్పాం. మూడు వందల మంది. మొదట చప్పట్లు. తర్వాత అందరూ మెడలు సాచి చూశారు. శివప్రసాద్ దగ్గరికి పోయి వంగి చూసి, "ఏందప్పా, ఈ పులులు పంచెలు కట్టుకున్నాయే!" అన్నాడు. నలుగురు మనుషులు, వాళ్ల భుజాల మీద డోలీ, డోలీలో నోరు తెరుచుకుని నిద్రపోతున్న నేను. అటవీ శాఖ అధికారి, "ఇది మా శాఖ కిందికి రాదు" అని లేచి వెళ్లిపోయాడు.

నిజం చెబుతాను. నేను నడవడానికే పోయాను. మొదటి మలుపులోనే మోకాలు పట్టేసింది. అంతలో ఆ నలుగురూ ఎదురొచ్చి, "ఆళ్లగడ్డ శెట్టి నువ్వేనా పెద్దాయనా? ఎక్కు, నీకోసమే చూస్తాండాం" అన్నారు. స్వామే పంపాడనుకున్నాను. ఎక్కాను. ఊరికి వచ్చాక ఎవరో "నడిచే పోయినావా?" అంటే ఊఁ అన్నాను. ఆ ఒక్క ఊఁ ఇంతవరకు తెచ్చింది. అంత దూరం నుంచి తీసిన పటంలో మనిషి కనపడతాడని నేనేం కలగన్నానా?

పరువు పోతే పోయింది. ఎవరి కళ్ల కోసం మొక్కానో ఆ కళ్ల ముందే అబద్ధం బయటపడింది. మూడు రోజులుగా మా ఆవిడ నాతో మాట్లాడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోతుంది. మొక్కు తీరలేదని ఆ కళ్లకేమైనా అవుతుందేమోనని నాకు అన్నం దిగడం లేదు. నువ్వు నా కోసం నీడ ఉంచావు. నేనే తీయించుకున్నాను.

ఇట్లు,
తిమ్మయ్య

తా.క.: పొద్దున్నే నేనే కాఫీ పెట్టి ఇస్తున్నాను. తాగుతుంది. బాగుందో లేదో కూడా చెప్పదు.

---

ఆళ్లగడ్డ,
నవంబరు 20

చిరంజీవి ఫణీంద్రకు వెంకటరమణమ్మ దీవెనలు.

ఆయన నీకు రాసిన ఉత్తరం కవరు అంటించకముందే చదివాను. గదికి ఈ మూల నుంచి ఆ మూలకు చదవగలిగేంత బాగున్నాయి నా కళ్లు.

ఆ నలుగురినీ పంపింది స్వామి కాదు, నేను. ఆయన మోకాళ్ల సంగతి నాకు తెలియదా? అహోబిలంలో అర్చకుల ఇంటి కమలవల్లి నా చిన్ననాటి నేస్తం. ఆమెతో చెప్పించి డోలీ వాళ్లను మలుపులో నిలబెట్టాను. "మా ఆయన అడిగితే ఎక్కడు, మీరే ఎక్కించుకోండప్పా" అన్నాను. అయితే మొక్కు మొక్కే కదా. ఎవరో ఒకరు నడవాలి. కళ్లు నావే, అందుకని నేనే నడిచాను. ఉయ్యాలవాడకు పోలేదు నాయనా.

నీ పటంలో డోలీ వెనక, బండ పక్కన, నువ్వు ఎంత తేలిక చేసినా నల్లగానే మిగిలిపోయిన చోట ఒకసారి బాగా చూడు. ఆకుపచ్చ చీర, చేతిలో చెప్పులు. నీడ ఉన్న మొదటి పటంలోనే నాకు నేను కనపడ్డాను. అందుకే దాని జోలికి పోవద్దని అంత మొత్తుకున్నాను. నువ్వు ఎనిమిది కాళ్లు లెక్కపెట్టావు. పది ఉన్నాయి.

ఆయనతో మాట్లాడనిది కోపంతో కాదు. నోరు తెరిస్తే నవ్వు ఆగదు, నవ్వితే అంతా చెప్పేస్తాను. మొక్కు తీరిందని ఈ వారంలోనే చెప్పి ఆయన బెంగ తీరుస్తాను. ఆ నల్లటి పటం మా ఇంట్లో తగిలిస్తున్నాను.

ఉంటాను,
వెంకటరమణమ్మ

తా.క.: నలభై ఏళ్లలో ఆయన నాకు కాఫీ పెట్టి ఇవ్వడం ఇదే మొదలు. ఇంకా చక్కెర ఎక్కువేస్తున్నాడు. అది కుదిరేదాకా నువ్వు మాత్రం నోరు విప్పకు.