రాయి లేని కట్టెల కుప్ప

పాల్వంచ

అన్నకు, వదినకు చెల్లెలు నాగమణి దండాలు. మేమిద్దరం బాగానే ఉన్నాం, మీరూ బాగున్నారనుకుంటున్నాను. అమ్మ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? టేకులపల్లి దవాఖానాకు తీసుకుపోయావా, పత్తి ఏరడం అయ్యాక అంటున్నావా? నీ సంగతి నాకు తెలియదా!

ఆయనకు కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పని కుదిరింది. వారానికో షిఫ్టు. ఇక్కడ గాలి వస్తే బూడిదే, ఉతికిన బట్టలే మళ్లీ ఉతుకుతున్నాను.

ఒక మాట చెప్తాను, కోప్పడకు. మొన్న ఇంటి వెనుక ఎండుకట్టెల కుప్ప కనబడింది. మన గూడెంలో కొట్టిన కట్టెల మీద రాయి పెట్టి వస్తే, నెల తర్వాత పోయినా అట్లాగే ఉంటాయి కదా. దీని మీద రాయి లేదు. ఎవరివీ కావనుకుని మోపెడు తెచ్చి అన్నం వండాను. అవి మా ఓనరమ్మవి. ఆమెది మధిర అవతల ఊరు. వాకిట్లో అందరి ముందు నన్ను దొంగ అంది, నెలాఖరుకు గది ఖాళీ చేయమంది. రాయి సంగతి చెప్తే అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి నేను బోరింగు దగ్గరికి పోతే ఆడవాళ్లు ఆరేసిన బట్టలు లోపలికి తీసుకుపోతున్నారు. పుట్టి బుద్ధెరిగి ఒకరి పుల్ల ముట్టలేదన్నా నేను. ఎంత ఏడ్చానో.

ఇంకో గది చూద్దామన్నాడు ఆయన. గది మారితే దొంగ పేరు పోతుందా? రెండు మోపులు కొట్టుకొచ్చి ఆ కుప్పలో వేసి, ఓనరమ్మనే అడిగాను.

"మరి మీ దిక్కు ఏది ఎవరిదో ఎట్ల తెలుస్తదమ్మా?"

"ఎవరి గోడ పక్కనుంటే వాళ్లది. ఇదీ చెప్పాలా అమ్మాయ్?"

"నాకెవరు చెప్పిన్రు? మా గూడెంల ఇండ్ల సుట్టు గోడలే లేకపాయె."

ఆమె నన్ను కూర్చోమని, రాయి పెడితే నిజంగా ఎవరూ తీయరా అని మూడుసార్లు అడిగింది.

ఈ లైనులో ఎనిమిది ఇళ్లు, ఎనిమిది ఊళ్లవాళ్లు. అందరూ మంచివాళ్లే. కానీ ఏది తప్పో ఒక్కొక్కరికి ఒక్కో తీరు. అది ఒక్కటి కాకపోతే మంచివాళ్లు కూడా ఒకరినొకరు నమ్మలేరని ఇక్కడికొచ్చాకే తెలిసింది.

నిన్న ఓనరమ్మ కూతురి కాన్పుకని ఖమ్మం పోతూ, ఇంటి తాళంచెవి నా చేతిలో పెట్టింది. గది ఖాళీ మాట ఎత్తలేదు. తాళంచెవి కొంగున ముడేసుకున్నాను. ఆ ఇల్లు విడిచి కదలకుండా, నీళ్లకు కూడా ఆయన్నే పంపుతున్నాను.

వదినా, ఎవరైనా ఇటు వస్తే ఎండు ఇప్పపువ్వు పంపు. అమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు. అన్నా, ఓనరమ్మ తిరిగి వచ్చేదాకా ఆ ఇంట్లో ఒక్క చెంచా కూడా పోకూడదని, నా పేరున ముత్యాలమ్మకు కొబ్బరికాయ కొట్టు.

మీ దీవెనలు కోరే
నాగమణి