వైర్లకు కట్టిన దారాలు

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నువ్వు దాదా అని పిలిచే భవానీపూర్ బెంగాలీ ఆయన నిన్న టికియాపారాలో మనింటికి వచ్చాడు. తొమ్మిదేళ్ల ఆదివారాలు ఆయన షెడ్డులో గడిపి నువ్వు బతికించిన పాత జపాన్ స్పోర్ట్స్ కారు ఇప్పుడు స్టార్ట్ కావడం లేదట.

"వైర్లన్నీ నల్లవే. మీ నాన్న వాటికి ఏవో రంగుదారాలు కట్టాడు. కొత్త మెకానిక్‌కి అంతుపట్టడం లేదు. ఏ దారం దేనికో రాసివ్వమ్మా" అన్నాడు.

నీకు అక్షరాలు రావు. నేను మాన్యువల్ చదివి చెబుతుంటే ఒక్కో వైరుకూ ఒక్కో రంగు దారం ముడివేసేవాడివి. "సదువు నీది, దారం నాది. ఏటమ్మా, కుదిరిందా?" అని నవ్వేవాడివి.

పాతకార్ల పోటీలో బహుమతి వచ్చినప్పుడు "అంతా నా చేతులతోనే చేశాను" అని ఆయన పేపరువాళ్లకు చెప్పాడు. అదీ నీకు నేనే చదివి వినిపించాను. "పోన్లేయే" అన్నావు. ఆ పూట అన్నం సగంలో వదిలేశావు.

నిన్న ఆయనతో "మీ చేతులకే తెలియాలి కదా, దాదా" అన్నాను. తలొంచుకుని వెళ్లిపోయాడు.

ఆ కారు ఇక కదలకపోవచ్చు. మూలపడేది నీ పనేనని తెలుసు. ఏ దారం దేనికో నాకింకా గుర్తే. నువ్వైతే పోన్లే అని చెప్పేసేవాడివి. అది తెలిసే నేను చెప్పలేదు.