గేట్లెత్తిన పొద్దు

లక్సెట్టిపేట,
14 సెప్టెంబర్ 2023, గురువారం.

అవ్వకు, నీ చిన్నబిడ్డ తిరుమల దండం పెట్టి రాస్తున్నది. భివండిల నువ్వు, అక్క, పసిగుడ్డు పానంతోని మంచిగున్నరని తలుస్తున్న. ఇక్కడ మేమందరం మంచిగున్నమని రాయనీకి చెయ్యి వస్తలేదు.

ఇయ్యాల తలుపు తీసేసరికి మన వాగుల చేపలు పట్టే ముత్తయ్య భార్య బుచ్చవ్వ వాకిట్ల నిలబడి ఉన్నది. భుజం మీద మన వల, చేతిల చేపల గిన్నె. "మీ వల మా జాగల చిక్కింది. సగం చేపలు మీయి" అని అరుగు మీద పెట్టి పోయింది. కండ్లు ఉబ్బి ఉన్నయి.

నువ్వు అడిగినయి ముందు చెప్త. కోడి పదకొండు పిల్లలను లేపింది. బాపు బీపీ గోళీలు మరువకుంట వేసుకుంటుండు. నేను కాలేజీ ఒక్కరోజు ఎగ్గొట్టలే. కొత్త మాటలు రాసుకునే నోటుబుక్కు సగం నిండింది.

నిన్న ఫోన్ల బాపు గట్టు మీద జారిపడ్డడని చెప్పిన. అది అబద్ధం. అప్పుడు బాపు పక్కనే కూసున్నడు, అందుకే ఇప్పుడు ఉత్తరం రాస్తున్న. అక్కా, అవ్వకు చదివేటప్పుడు ఒక్క ముక్క విడువకు.

సముద్రంల ఆటుపోట్లు చంద్రుడు తెస్తడని చదివిన. మన వాగుల గేట్లు తెస్తయి. కింద ప్రాజెక్టు గేట్లు మూస్తే గోదారి వాగులకు ఎక్కుతది, ఎత్తితే దిగిపోతది. ఎత్తేముందు సైరన్ మోగుతది. నిన్న తెల్లారంగ బాపు, నేను తెప్ప మీద పోతుంటే గాలి హోరుకు అది మాకు వినబడలే. మలుపు తిరిగేసరికి మన వల కట్టిన కాడ లేదు. కింద ముత్తయ్య జాగల ఆయన కొడుకు సంపత్ వంగి, మన ఎర్రడబ్బాల వలను తన తెప్పలకు గుంజుతుండు.

"ఎవని వలరా అది?" అన్నడు బాపు.

"నీదే కాకా. చేతులు పోతున్నయి, నీ బిడ్డను పంపు, జర పట్టుకుంటది" అని సంపత్ నవ్విండు.

తెప్పలు ఆనుకున్నయి. తెడ్డు లేచింది. సంపత్ నెత్తి పగిలి వల మీద పడ్డడు. బురదనీళ్లు ఎర్రగైనయి. అరుపు విని ఒడ్డు మీద నుంచి ముత్తయ్య నీళ్లల్ల దుంకి వచ్చి, బాపు జుట్టు పట్టి గట్టుకు ఈడ్చిండు.

"నా కొడుకును సంపుతవారా?"

"కొట్టింది నేనే. కొట్టు" అన్నడు బాపు.

ముత్తయ్య పక్కటెముకల మీద తన్నిండు. వెదురుగడతోని భుజం మీద కొట్టిండు, గడ విరిగిందాక కొట్టిండు. బాపు ఒక్క చెయ్యి లేపలే. మన చేపల సంఘం పెద్ద భూమన్న తాత, ఇంకో నలుగురు పట్టుకొని గుంజితెగాని ముత్తయ్య ఆగలే.

సంపత్ కరీంనగర్ దవఖానల ఉన్నడు. నెత్తికి పదిహేడు కుట్లు. దవడ విరిగి మాట్లాడలేడు.

సైరన్ సంగతి భూమన్న తాతే చెప్పిండు. దిగే నీళ్లకు వల కొట్టుకపోతే, ఎవరి జాగల చిక్కితే వాళ్లు విడిపించాలె, సగం చేపలు ఉంచుకొని వల వాపస్ ఇయ్యాలె. గిది మన వాగు కట్టుబాటు. సంపత్ చేసింది గదే. కొడుకు నెత్తి పగిలినంక గూడ బుచ్చవ్వ చేసింది గదే.

అవ్వా, కొట్టింది బాపు కాదు. నేను.

ఆ నవ్వుకు నా ఒళ్లు మండింది. రెండు చేతులతో తెడ్డు లేపి వంగి ఉన్న తల మీద వేసిన. అతడు మొఖం తిప్పి "గేట్లు..." అన్నడు. నాకు వినబడ్డది. విని, మళ్లీ కొట్టిన. ఆ రెండో దెబ్బకే దవడ విరిగింది. ఆ చప్పుడుకు నా నోటుబుక్కుల మాట లేదు.

ముత్తయ్య చూసేలోపు బాపు నా చేతులకెళ్లి తెడ్డు గుంజుకున్నడు. ఇప్పుడు మంచం మీద పండుకొని ఒక్కటే అంటుండు, "నీకు చదువున్నది బిడ్డా, నోరు తెరువకు." వాగుల కొట్టినోని వల మళ్లీ నీళ్లల్ల పడొద్దని సంఘం కాయిదా. రేపు బాపు పేరు కొట్టేస్తరు. చేపలు పట్టుడు తప్ప ఆయనకు ఇంకో పని రాదు.

సంఘం రేపు పొద్దున ఏడింటికి కూసుంటది. నేను ఆరింటికే బుచ్చవ్వ ఇంటికి పోత. ముందు ఆమెకు చెప్త. ఆమె కొడితే కొట్టించుకుంట. తర్వాత ఆమె వెనకనే సంఘానికి నడుస్త.

ఇట్లు,
ఇప్పటిదాక మీ ఇద్దరికే చెప్పిన
నీ చిన్నబిడ్డ తిరుమల