బడి పక్క వీధిలోని చిన్న ఇల్లు

ఏవండీ,

నేను ఆపరేషన్ థియేటర్‌లో డ్యూటీలో ఉంటాను, ఫోన్ తీయలేను. ఆరింటికి ఇళ్ల ఏజెంటు ఫోన్ చేస్తాడు. బడి పక్క వీధిలోని చిన్న ఇల్లే ఖాయమని చెప్పండి. "ఆలోచించి చెబుతాం" అన్నారంటే రేపటికి ఎవరో ఎగరేసుకుపోతారు.

నిన్న చిన్నదాన్ని ఆ ఇంటి గుమ్మం నుంచి బడి గేటు దాకా నడిపించాను. కనిపించిన ప్రతి పిల్లినీ పలకరించినా పన్నెండు నిమిషాలే పట్టింది. టీచరమ్మ కాసేపు క్లాసులో కూర్చోబెట్టుకుంటే, ఇక ఇంటికి రానని మొండికేసింది. మీరు మనసు పడ్డ పెద్ద ఇంటికి కారు షెడ్డు ఉంది గానీ, ముందు కాలిబాటే లేదు. మనం ఇల్లు వెతుకుతున్నది కారుకా, మనకా?

అన్నట్టు, అత్తయ్య కూడా వచ్చారు. కాలు విరిగినప్పటి నుంచి నా చెయ్యి వదలని మనిషి, ఆ వీధి కాలిబాట మీద "నువ్వు పదమ్మా, నేను మెల్లిగా వస్తాలే" అన్నారు.